శొంఠి కషాయంలో కలిపినది

ముప్పైయేండ్లకు మించి మందుల గదిలో నిలువుకాళ్ళ మీద పనిచేసినవాణ్ణి. అన్ని యేండ్లలోనూ వైద్యుని చీటీ లేకుండా, పుచ్చుకునేవారికి తెలియకుండా, నా అంతట నేను మందు కలిపి ఇచ్చింది ఒకే ఒక్క రోగికి. ఆ రోగి మా ఆసుపత్రి వైద్యుడే. ఈ సంగతి ఇన్నాళ్ళూ నలుగురైదుగురికి మించి తెలియదు. మందుల గదుల్లో కొత్తగా చేరుతున్న మీవంటి చిన్నవారికి చెప్పడం మంచిదని తోచి రాస్తున్నాను. చదివినందువల్ల మీకు ఉపదేశమేదైనా దొరుకుతుందని మాత్రం హామీ ఇవ్వలేను. నాకే ఇంతవరకు సరిగా దొరకలేదు.

నేను వైద్యం కోసం పుట్టినవాణ్ణి కాను. తిరుపతిలో ఒక సంస్కృత పాఠశాలలో కావ్యాలూ వ్యాకరణమూ చదివాను. ముచ్చటపడి పాత వైద్యగ్రంథాలు రెండు మూడు కూడా ఒక వృద్ధుని వద్ద పాఠం చెప్పించుకున్నాను. చదువు ముగిసేనాటికి యుద్ధం వచ్చిపడింది. పండిత పదవులు ఎక్కడా ఖాళీ లేవు; కాంపౌండర్ల కొరత మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఉంది. కడుపు ఏ శాస్త్రం చెబితే ఆ శాస్త్రమే ప్రమాణం కనుక, చిత్తూరులో పరీక్ష ఇచ్చి, తిరుపతి నుంచి నగరి మీదుగా మదరాసు వైపు సాగే రైలుదారిలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో కుదురుకున్నాను. ధాతురూపాలు వల్లించినవాడు కల్వంలో పొడులు నూరడానికి అలవాటుపడేసరికి ఆరు నెలలు పట్టింది. పన్నెండు పడకలు, ఒక డాక్టరు, ఒక నర్సు, నేను, ఇద్దరు నౌకర్లు: అదే మా సామ్రాజ్యం.

యుద్ధం ముగిసిన మరుసటి యేడు మాకు కొత్త డాక్టరు వచ్చారు. సత్యవేడు ప్రాంతపు రైతుబిడ్డ. బర్మా సరిహద్దులో సైన్యానికి వైద్యం చేసి, విడుదలై వచ్చినవారు. ముప్పైరెండు ముప్పైమూడేండ్ల వయసు. మాట మెత్తన, చెయ్యి నిదానం. వచ్చిన రెండోవారంలోనే ఒక రేకు డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. లోపల తెల్లని చిన్న మాత్రలు.

"పండితా," అన్నారు. నా చదువు సంగతి తెలిసిననాటి నుంచి ఆయన నన్ను పిలిచే పేరు అదే. "ఇవి మిలిటరీలో మాకిచ్చినవి. రెండు మూడు దినాలు నిద్ర లేకుండా నడవాలంటే ఇవి మింగాల. నల్లమందు తిని పడిపోయినోళ్ళను లేపేదానికి పనికొస్తాయని పారెయ్యలేదు. విషాల బీరువాలో పెట్టి బీగమెయ్యి."

"అట్లే సార్."

"ఇంగొక మాట. నేనడిగినా నాకు ఇయ్యొద్దు."

నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. "మీరడిగితే నేను కాదనేదెట్లా సార్?"

"అనాల. నాకివి సరిపడవు. ఆడ ఒకతూరి దిగులు పట్టుకొని మంచం దిగకుండా ఉంటే మా మేజరు వీటిని మింగించినాడు. లేచినాను. లేచినోణ్ణి మళ్ళా కూర్చోలేదు. నెలన్నర నన్నే ఒక ఆసుపత్రిలో కావలి పెట్టి ఉంచినారు."

ఇంత స్పష్టంగా చెప్పిన మనిషికి నేను ఆ మాత్ర ఎట్లా ఇచ్చానని మీరు అడుగుతారు. నన్ను నేనూ అదే అడుగుతూ వచ్చాను. ఆయన చెప్పిన నాలుగు మాటలలో 'లేచినాను' అన్న ఒక్కటే నా మనసులో నిలిచింది. దాని ముందువీ వెనుకవీ ఎక్కడ జారిపోయాయో తెలియదు.

ఈ కాలపు వైద్యులకు ఈ వ్యాధికి ఒక పేరు ఉంది. ఒకే మనిషిలో కొన్నాళ్ళు అంతులేని దిగులూ, కొన్నాళ్ళు హద్దులేని ఉద్రేకమూ వంతులవారీగా వచ్చిపోతే బైపోలార్ అంటున్నారు. ఆ మాత్రలను ఆంఫిటమిన్ జాతివని చెబుతున్నారు. ఆనాడు మా ఊళ్ళో ఉన్నవి మూడే మాటలు: దిగులు, గాలి, పిచ్చి. వాటిలో దేన్ని ఎవరికి వాడాలో కూడా జనం సమయాన్ని బట్టి తేల్చుకునేవారు.

ఏడాది పాటు ఆయన వద్ద పని హాయిగా సాగింది. ఆ పైన కార్తీకపు వానల్లో ఆయనకు దిగులు పట్టింది. మొదట ఆలస్యంగా వచ్చేవారు. తరువాత రోగి చెయ్యి పట్టుకొని నాడి లెక్కించడం మరచి అట్లాగే కూర్చునేవారు. ఆ తరువాత రావడమే మానేశారు. ఆసుపత్రి ఆవరణలోనే ఆయన ఇల్లు. వెళ్ళి చూస్తే గోడ వైపు తిరిగి పడుకుని ఉండేవారు. అన్నం పెడితే రెండు ముద్దలు. పలకరిస్తే ఒక మాట, అదీ చాలాసేపటికి. మేము సిస్టరని పిలిచే నర్సు కట్లు కట్టేది, నేను పాత చీటీలు చూసి అవే మందులు మళ్ళీ పోసేవాణ్ణి. రోగులు ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలకు మోతాదుల గుర్తుగా కాగితపు పట్టీలు కత్తిరించి అంటిస్తుంటే, ఏ రోగికి ఏ రోగమో తెలియకుండానే పట్టీలు మాత్రం ఎంత సొగసుగా కుదురుతున్నాయోనని నాకే ఆశ్చర్యం వేసేది.

ఇట్లా అయిదు వారాలు నడిచాక చిత్తూరు నుంచి జాబు వచ్చింది. ఎవరో అర్జీ పెట్టారు. వచ్చే సోమవారం జిల్లా వైద్యాధికారి తనిఖీకి వస్తున్నారు. డాక్టరు మంచం మీద కనబడితే ఉద్యోగం పోతుంది. అధికారి కలంలో 'మతిభ్రమ' అన్న మాట పడితే వైద్యుల పట్టికలో నుంచి పేరే పోతుంది. ఆ రైతు కుటుంబంలో బడిమెట్టు ఎక్కిన మొదటివాడు ఆయన.

కబురందుకుని ఆయన తండ్రి సత్యవేడు వైపు నుంచి వచ్చాడు. పొడుగాటి ముసలాయన, భుజం మీద తువ్వాలు. కొడుకు గది గడపలో కూర్చుని కదిలేవాడు కాడు. గురువారం నాడు నన్ను చూసి లేచి నిలుచున్నాడు.

"ఏం సామీ, మావోడు లేస్తాడా?"

"లేస్తారు పెద్దయ్యా."

"ఎప్పుడు? సోమారానికి లేస్తే సాలు. ఆ మీదట కావల్లంటే మళ్ళా పండుకోనీ, నేనేమీ అనను."

సిస్టరు పక్కనే ఉంది. తమిళపు యాస కలిసిన తెలుగు ఆమెది. ప్రతి పనికీ ముందు ప్రార్థన చేసుకునేది, ప్రార్థనకు ముందు ఒకరిని తిట్టేది. "లేచేదానికి దేవుడు ఉండాడు తాతా. ఈ పంతులు దగ్గర ఏముండాది? సోడాఉప్పు, శొంఠి," అంది.

ఆ ఎగతాళి నాకు దారి చూపిందంటే ఆమెను తప్పుపట్టినట్లవుతుంది. తప్పు నాదే. మందుల గదికి వచ్చి కూర్చుని, చదివిన చదువంతా ముందు పరచుకున్నాను. జడత్వానికి తీక్ష్ణమైన ద్రవ్యం విరుగుడు. ఏ గుణం పెరిగిందో దానికి వ్యతిరేక గుణంతో అణచివేస్తారు. ఆయన పడి ఉన్నది జడత్వంలో. బీరువాలో ఉన్నది తీక్ష్ణద్రవ్యం. మేజరు ఎక్కువ ఇచ్చి ఉంటాడు. నేను మితంగా, తేనె అనుపానంతో, మూడంటే మూడు రోజులు ఇస్తాను. ఆ తర్కం నాకు ఎంతో చక్కగా కుదిరింది. పాశ్చాత్యుల మాత్రకు మన అనుపానం తోడైతే దోషం పోతుందని కాంపౌండరు ఎవడూ అనుకోడు, వైద్యుడూ అనుకోడు. రెండు శాస్త్రాలనూ సగం సగం చదివినవాడే అనుకుంటాడు.

మాత్ర అంటే ఆయన నోట పెట్టరు. శొంఠి, మిరియాలు, ధనియాలు కాచి, వడగట్టి, ఒక మాత్ర మెత్తగా నూరి కలిపి, తేనె వేసి గ్లాసు పట్టుకెళ్ళాను.

"ఏందప్పా ఇది?" అన్నారు గోడ వైపు నుంచే.

"శొంఠి కషాయం సార్. వానలకు మంచిది."

ముసలాయన కొడుకు వీపు కింద చెయ్యి పెట్టి లేపాడు. ఆయన తాగారు. నా చేతిలో ఏమి ఉన్నదని మరి అడగలేదు. కాంపౌండరు ఇచ్చింది తాగడం వైద్యులకు కూడా అలవాటే కదా.

మరునాడు రెండు గ్లాసులిచ్చాను. శనివారం ఆయన గడ్డం గీసుకున్నారు. ఆదివారం వార్డులోకి వచ్చి పన్నెండు పడకలూ చూశారు. ముసలాయన నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు; ఆ తడి నాకు ఈనాటికీ తెలుస్తూనే ఉంది.

సోమవారం తనిఖీ. జిల్లా వైద్యాధికారి అనుమానంతోనే వచ్చారు. మా డాక్టరుగారు ప్రతి రోగి కథనూ చీటీ చూడకుండా చెప్పారు. ఏడో పడక మీద ఒక కూలిమనిషి మూడు వారాలుగా జ్వరంతో ఉన్నాడు. మేము మలేరియా అనుకుని క్వినైను పోస్తూ వచ్చాం. ఆయన వాడి కుడి పక్కటెముకల కింద వేలితో నొక్కి, వాడి ముఖం చూసి, "ఇది మలేరియా కాదు సార్, కాలేయంలో చీము పట్టింది," అన్నారు. అధికారి ఎదుటనే సూది దించి చీము తీశారు. వాడు బతికాడు. అధికారి ఆయన భుజం తట్టి, అర్జీ కాగితాన్ని మడిచి జేబులో వేసుకుని, మధ్యాహ్నపు రైలుకే వెళ్ళిపోయారు.

ఊరంతా నా కషాయం గొప్పతనం చెప్పుకుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళూ, బిడ్డలు లేనివాళ్ళూ గ్లాసులు పట్టుకుని వచ్చారు.

"నాకూ ఒక గ్లాసు పొయ్యి పంతులూ, నేనూ పెద్దాఫీసరును మెప్పిస్తా," అంది సిస్టరు. ఆ తరువాత గొంతు తగ్గించి, "నిజం చెప్పు, అందులో ఏమి ఏస్తావు?" అని అడిగింది.

"శొంఠి, మిరియాలు, ధనియాలు."

"మా ఇంట్లోనూ అవే ఏస్తారు. మా ఆయన ఒకనాడూ లేచి నిలబడలేదు."

మూడు రోజులకని మొదలుపెట్టినదాన్ని నేను పదకొండు రోజులు ఇచ్చాను. ఆపితే మళ్ళీ గోడ వైపు తిరుగుతారేమోనని భయం. ఆ భయం నిజమైనదే. కాని దానిలో ఊరివారి పొగడ్త పాలు ఎంతో చెప్పలేను. పన్నెండోనాడు ఆయన కళ్ళు చూశాక ఆపాను. ఆ కళ్ళు మరీ మెరుస్తున్నాయి. నిద్ర అక్కరలేదు, అన్నం అక్కరలేదు. మాట ఒకటి పూర్తికాకముందే మరొకటి అందుకునేది.

మాత్ర ఆపేశాను కనుక నాలుగు రోజులలో దిగుతారనుకున్నాను. దిగలేదు, ఇంకా పైకి పోయారు. మంచాలన్నీ ఉత్తరం నుంచి తూర్పుకు తిప్పించారు, మళ్ళీ ఉత్తరానికి తిప్పించారు. గవర్నరుకు జాబులు రాశారు. కొండ మీద వేయి పడకల ఆసుపత్రికి సున్నంతో గోడల మీద నమూనా గీశారు. "పండితా, నీ ఛందస్సులో గణాలున్నట్టే ఈ జిల్లాలో రోగాలకూ గణాలుండాయి. కనిపెట్టినాను. నువ్వు పద్యాలు కట్టు, నేను రోగాలు కడతా!" అని నవ్వేవారు. ఆ నవ్వు అంటుకునేది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను, ఆ రోజుల్లో ఆయనతో మాట్లాడటం నాకు అంతకుముందెన్నడూ లేనంత ఇష్టంగా ఉండేది. గణాల మాట ఒక పూట నాకు నిజమేననిపించింది కూడా.

అది మాత్ర ఆపిన ఎనిమిదో రోజు. నగరి నుంచి ఒక నేతపని ముసలావిడ కంటి శుక్లం చూపించుకోవడానికి వచ్చింది. రెండో కన్ను అప్పటికే పోయింది. చూడగానే డాక్టరుగారు, "ఇప్పుడే తీసేస్తా. బల్ల ఎక్కు అవ్వా," అన్నారు. ఆయన అంతకుముందు ఎన్నడూ కన్ను కోయలేదు. అట్లాంటివాళ్ళను మదరాసుకు పంపడమే మా ఆసుపత్రి వాడుక.

"సార్, మదరాసుకు రాసిద్దాం," అంది సిస్టరు.

"మదరాసులో ఉండే చేతికీ నా చేతికీ ఏం భేదం? నా చేతులు సూడు!" అని చాపారు. ఆ వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. ఆయనకు ఆ వణుకు కనబడటం లేదు.

ముసలావిడ అప్పటికే బల్ల ఎక్కి పడుకుంది. "కోసెయ్ నాయనా. మగ్గం మీద పోగు కానరాక ఆరునెలలాయ. నువ్వు దేవుడని అందరూ అంటాండారు," అంది.

"పండితా, కంటికి మొద్దుబారే చుక్కలు!"

ఆ చుక్కలు నా గదిలో, నా బీగం కింద ఉన్నాయి. అవి లేనిదే కన్ను ముట్టుకోలేరు. గది తలుపు మూసి, బీగం వేసి, వాకిలికి అడ్డంగా నిలుచున్నాను. 

"ఇవ్వను సార్."

ఆయన దగ్గరికి వచ్చారు. ఆశ్చర్యమే తప్ప కోపం లేదు. "ఏమి?"

"ఈ ఉత్సాహం మీది కాదు సార్. కషాయంలో మీ మాత్ర నూరి కలిపినాను. పదకొండు దినాలు ఇచ్చినాను."

ఆయన ఒక క్షణం ఆగారు. ఆ క్షణంలో మునుపటి మెత్తని మనిషి ముఖం కనబడినట్లయింది. నా భ్రమ కావచ్చు. తరువాత గట్టిగా నవ్వారు. "ఎనిమిది దినాలాయె ఆపి, ఆ మాత్ర ఇంకా ఉంటుందా ఒంట్లో? మందులు కలిపేవాడివి, అంత తెలీదా? ఇది నీ మాత్ర కాదప్పా. ఇదే నేను. మంచం మీద పడుండినోడే ఎవడో!"

 ఆయన చెప్పింది తర్కానికి నిలిచే మాట.

నన్ను పక్కకు నెట్టి బీగం మీద చెయ్యి వేశారు. అప్పుడు వెనుక నుంచి తండ్రి గొంతు వినిపించింది. "నాయనా, నాకు ఆకలైతాండాది. పొద్దున్నించి ఏమీ తినలేదు. రా, ఇంటికి పోయి తిందాం."

అంతే. సిస్టరు మాట వినలేదు, నా మాట వినలేదు. ఆ మాట విని, "అయ్యో, తినలేదా?" అంటూ తండ్రి చెయ్యి పట్టుకుని నడిచారు. ముసలావిడ బల్ల మీద నుంచి, "నా కన్నో?" అని అరిచింది. సిస్టరు ఆమెను దింపి మదరాసుకు చీటీ రాయించింది. అది నేనే రాశాను, డాక్టరుగారి పేరు కింద. అది కూడా తప్పే. ఆ పూట ఒకటి ఎక్కువైతే ఏమిలే అనుకున్నాను.

మరునాటి ఉదయపు రైలులో తండ్రీ నేనూ ఆయనను మదరాసు మానసిక వైద్యశాలకు తీసుకువెళ్ళాం. దారి పొడవునా ఆయన రైలుపెట్టెలో ఉన్నవారందరికీ వైద్యం చెబుతూనే ఉన్నారు. అక్కడి పెద్ద వైద్యుడు ఆయనను లోపలికి పంపి మమ్మల్ని కూర్చోబెట్టి అడిగాడు. "ఇట్లా కావడానికి ముందు మందేమైనా తీసుకున్నాడా?"

ముసలాయన నాకంటే ముందు చెప్పాడు. "మందేమీ లేదు దొరా. ఈ సామి కషాయం పోసినాడు, లేచినాడు. ఈయన లేకుంటే మావోడి ఉద్యోగం ఆ పొద్దే పోయుండును. దేవుడే ఈయన."

వైద్యుడు నా వైపు చూశాడు. ఊరుకుంటే నా ఉద్యోగం నిలిచేది, ఆ ముసలాయన కళ్ళలో నా స్థానమూ నిలిచేది. బల్ల ఎదుట ఉన్న కాగితం మాత్రం తప్పుగా నిండేది. దాన్ని చూసి లోపల ఆయనకు ఏ వైద్యం చేస్తారో నాకు తెలియదు. చెప్పాను. మాత్ర పేరు, మోతాదు, రోజులు, ఆయన నన్ను వద్దన్న సంగతి, అన్నీ.

"మందు ఆపి ఎనిమిది రోజులైతే ఇది మందు మత్తు కాదు, వ్యాధే," అన్నాడు వైద్యుడు రాసుకుంటూ. "కాని నిద్రపోతున్న వ్యాధిని లేపింది మందు కావచ్చు. ఇవ్వకపోయినా లేచేదేమో. దిగులు తరువాత ఇది దానంతటదే వచ్చేవాళ్ళున్నారు. ఈ మనిషికి ఏది జరిగిందో చెప్పడం నా వల్ల కాదు."

"అయితే నాది తప్పా కాదా అయ్యా?" అని అడిగాను.

"అది వైద్యప్రశ్న కాదు," అన్నాడు.

బయటికి వచ్చాక ముసలాయన వరండా అంచున కూర్చుని తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేనే కదా సోమారానికి లేస్తే సాలంటిని," అన్నాడు. నన్ను ఒక మాట తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. ఆయన తప్పును తనమీద వేసుకుంటుంటే నాకు దాన్ని లాక్కోవడం కూడా చేతకాలేదు.

జిల్లా వైద్యాధికారికి నేనే రాసుకున్నాను. పనినుంచి ఆపివేశారు. నాలుగు నెలలు తిరుపతిలో పిల్లలకు శబ్దమంజరి చెప్పుకుంటూ గడిపాను. అయిదో నెలలో రమ్మని ఉత్తర్వు వచ్చింది. ఆశ్చర్యపడి విచారిస్తే తెలిసింది: డాక్టరుగారు నయమై పనిలో చేరారు, చేరిన రోజే, తన మందుల గదికి పాత కాంపౌండరు తప్ప మరొకరు వద్దని పైకి రాశారు.

వెళ్ళినరోజు మధ్యాహ్నం మందుల గదికి వచ్చి నా ఎదుట స్టూలు మీద కూర్చున్నారు. చిక్కిపోయారు. మాట మునుపటిలాగా మెత్తన.

"పండితా, ఒకటి అడుగుతా. ఏడో పడక మనిషికి కాలేయంలో చీముందని సోమవారం కనిపెట్టింది ఎవరు? నేనా, నీ మాత్రా?"

"మీరే సార్."

"అట్లయితే ఆ అవ్వ కన్ను కోస్తానన్నది ఎవరు?"

'మాత్ర' అనబోయి ఆగాను.  మొదటిదాన్ని ఆయనకిచ్చి రెండోదాన్ని మాత్ర మీద తోయడానికి నాకు ఏ అధికారమూ లేదు. ఆయన నన్ను తొందరపెట్టలేదు. కిటికీలో నుంచి వార్డు వైపు చూస్తూ, "నాకూ తెలీదు. తెలిసినోడు ఎవుడన్నా ఉంటాడేమోనని నిన్ను పిలిపించినాను," అన్నారు.

ఎండ తీవ్రంగా ఉంది. కూజాలో నుంచి నీళ్ళు వంచి గ్లాసు అందించాను. ఆయన పుచ్చుకున్నారు గాని పెదవి దాకా తీసుకుపోలేదు.

"ఇందులో ఏముండాది?"

"నీళ్ళు సార్."

గ్లాసులోకి చూశారు, నా ముఖంలోకి చూశారు. "సరే," అని తాగారు.

ఆ తరువాత ఆరేండ్లు కలిసి పనిచేశాం. నేను ఏది అందించినా, మంచినీళ్ళయినా కాఫీ అయినా, ఆయన ఆ ప్రశ్న అడగనిదే పుచ్చుకోలేదు; నేను చెప్పాక తాగకుండానూ ఉండలేదు. ఆ 'సరే'లో నమ్మకమెంతో, తెగింపెంతో ఆయననే అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. అడగలేదు.